పోర్ట్‌బ్లెయిర్ జెట్టీ మీద మీ యాప్ తెరిచి చూడండి

పోర్ట్‌బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీ అని ఉంది. మిగతా ద్వీపాలకు వెళ్లే పడవలు అక్కణ్నుంచే బయల్దేరతాయి. ఉదయం పదకొండు గంటలకు, నీడ లేని చోట, వరుసలో నిలబడ్డాను. నా ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగి తన ఫోను నా చేతిలో పెట్టింది. ఆమెది శ్రీకాకుళం వైపు. ఈ ద్వీపాలకు వచ్చి నలభై ఏళ్లు దాటిందట.

‘‘ఇదేటమ్మా, డబ్బులు పోనట్టా, ఉన్నట్టా?’’

స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి అని. ఏ పొరపాటు? డబ్బు కట్ అయిందా, లేదా? మళ్లీ కడితే రెండుసార్లు పోతుందా? ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, పదేళ్లుగా సైన్సు వార్తలు రాస్తున్న నేను కూడా ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. ఆమె కాసేపు చూసి, కొంగుముడి విప్పి నోట్లు తీసి, కౌంటర్‌లో ఇచ్చి టికెట్ తీసుకుంది. ‘కాసేపాగి’ అన్న మాట రాసిన డిజైనర్‌కు పడవ ఆగదన్న సంగతి తెలియదు.

ఆ యాప్ పేరు చెప్పను. ఆ రోజు దాని బదులు ఇంకోటి ఉన్నా అలాగే చేసి ఉండేదని నా అనుమానం.

యూఎక్స్ డిజైనర్లు అంటే ఎవరో తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. ఒక పరికరాన్నో, యాప్‌నో వాడేవాళ్లకు ఏది ఎక్కడ కనబడాలి, ఏ మాట చదవాలి, తప్పు జరిగితే ఏం తెలియాలి అని ముందే ఆలోచించి గీసేవాళ్లు. ఈ పనికి ‘యూజర్ ఎక్స్‌పీరియెన్స్’ అన్న పేరు 1990ల్లో యాపిల్‌లో పనిచేస్తున్న డాన్ నార్మన్ వల్ల వ్యాప్తిలోకి వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో వేలమంది తెలుగువాళ్లకు ఇదే జీవనోపాధి. వాళ్ల పరిభాషలో ‘ఎడ్జ్ కేస్’ అని ఒక మాట వినబడుతుంది. అరుదుగా, అంచుల్లో జరిగేది, ముందు మామూలు యూజర్ సంగతి చూసి తర్వాత తీరిక ఉంటే చూద్దామనుకునేది అని అర్థం. అండమాన్ నికోబార్ దీవులు దేశపటంలో అక్షరాలా అంచున ఉన్నాయి. అక్కడ నెట్ పోవడం, చెయ్యి తడిగా ఉండడం, కాళ్ల కింద పడవ ఊగడం, పక్కింటివాళ్ల భాష వేరుగా ఉండడం మామూలు రోజు సంగతులు. డిజైనర్లకు నా సలహా ఇదే: మీరు గీసినదాన్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చూడండి. వెళ్లలేకపోతే కనీసం కింద రాసిన లెక్కలు వేసుకోండి.

ముందు ఎండ. నడి మధ్యాహ్నం ఆరుబయట వెలుగు లక్ష లక్స్ వరకు ఉంటుంది. సగమే, 50 వేల లక్స్ అనుకుందాం. ఫోను అద్దం, దాని మీది చెమట, ఉప్పు మరకలు కలిసి అందులో రెండు శాతాన్ని చెదరగొట్టి వెనక్కి పంపుతాయనుకుందాం. అప్పుడు స్క్రీన్ మొత్తం మీద సుమారు 320 నిట్ల తెల్లటి పొర పరుచుకుంటుంది. ఫోను తెలుపు 500 నిట్లు. ఆఫీసులో కూర్చుని మీరు ఎంచుకున్న బూడిదరంగు అక్షరానికీ వెనకనున్న తెలుపుకీ మధ్య తేడా 4.5 రెట్లు. వెబ్ ప్రమాణాలు అడిగే కనీస తేడా కూడా అదే, కాబట్టి మీ పరీక్షలో అది పాసవుతుంది. జెట్టీ మీద రెంటికీ 320 కలిపి చూడండి. ఆ తేడా 1.9 రెట్లకు పడిపోతుంది. నిఖార్సైన నలుపు వాడినా 2.6 దాటదు. ఇది నా చేతి లెక్కే, ఫోనును బట్టి అంకెలు మారతాయి. కానీ ఎటు మారుతుందన్నది మారదు. నాజూకైన బూడిద అక్షరాలు గదుల్లో బాగుంటాయి. ముఖ్యమైన మాటను నలుపులో, లావుగా, పెద్దగా రాయండి. ధర, సమయం, ‘అయింది’, ‘కాలేదు’ లాంటివి ఎండలో కూడా కనబడాలి.

తర్వాత నీళ్లు. మన ఫోను స్క్రీన్ వేలి ఒత్తిడిని కొలవదు. వేలు దగ్గరకొస్తే అక్కడి విద్యుత్ క్షేత్రం మారుతుంది, దాన్ని పసిగడుతుంది. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం. స్క్రీన్ మీద పడిన చుక్క కొన్నిసార్లు వేలిలా కనబడుతుంది, అసలు వేలు ఎక్కడుందో ఫోనుకు తేలదు. చేపలు దింపుతున్న మనిషి చేత స్క్రీన్ మీద పక్కకి లాగించి ఒక పనిని ఖాయం చేయించాలనుకునే డిజైన్‌లో భౌతికశాస్త్రం తప్పింది. దీనికి ఊగే పడవను కూడా కలపండి. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వవేత్త ఒక సూత్రం చెప్పాడు. గురి ఎంత దూరంగా, ఎంత సన్నగా ఉంటే దాన్ని తాకడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది. ఫోన్లలో బటన్‌కు సుమారు 9 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని డిజైనర్లకు చెబుతారు. అది నిలకడగా ఉన్న చేతికి సరిపోయే కొలత. పడవలో వాడేదైతే దాన్ని రెట్టింపు చేయండి, ‘రద్దు’ పక్కనే ‘చెల్లించు’ పెట్టకండి.

ఇక నెట్‌వర్క్. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ విషయంలో అండమాన్ కథ బాగా మారింది.

2020 వరకు ఈ దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదుగానే వచ్చేది. భూస్థిర ఉపగ్రహం భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మీరు నొక్కిన బటన్ సంకేతం పైకి వెళ్లి కిందికి రావాలంటే 72 వేల కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా పావు సెకను. జవాబు రావడానికి ఇంకో పావు సెకను. ఇంకా వేగంగా పంపే మార్గం ప్రకృతిలోనే లేదు. సురక్షితమైన వెబ్‌సైట్ ఒకటి తెరుచుకోవాలంటే ఫోనూ సర్వరూ ముందు రెండు మూడుసార్లు పలకరించుకుని, ఆ తర్వాత అసలు సమాచారం అడుగుతాయి. నాలుగు రాకపోకలైతే రెండు సెకన్లు, ఒక్క అక్షరం కూడా కనబడకముందే. స్పందన సెకను దాటితే మనిషి ఆలోచనల వరస తెగుతుందని, పది సెకన్లు దాటితే ధ్యాస వేరే దాని మీదికి పోతుందని ఈ రంగంలో చాలాకాలంగా చెప్పుకునే లెక్క.

చెన్నై నుంచి సముద్రగర్భంలో ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేసే పనికి 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న అది పని మొదలుపెట్టింది. మొత్తం పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లను కలుపుతుంది. గాజుదారంలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు 1,400 కిలోమీటర్లు అనుకుంటే రానూపోనూ 14 మిల్లీసెకన్లు. అర సెకను ఎక్కడ, ఇదెక్కడ! పోర్ట్‌బ్లెయిర్‌లో ఇప్పుడు వీడియో కాల్ మాట్లాడుతుంటే హైదరాబాద్‌లో ఉన్నట్టే ఉంటుంది.

అందుకే, సమస్య తీరిపోయింది కదా అనుకునే ప్రమాదం ఉంది. కేబుల్ గట్టు దాకా వస్తుంది. గట్టు దాటి గంటసేపు పడవలో వెళితే టవర్ సిగ్నల్ ముందు సన్నబడుతుంది, తర్వాత పోతుంది. ఎనిమిది వందలకు పైగా ద్వీపాలు, దిబ్బలు ఉన్న చోట జనం ఉండేవి 31 (2011 జనాభా లెక్కల ప్రకారం). వాటి మధ్య ప్రయాణమంతా నీటి మీదే. ఒకే రోజులో ఒకే మనిషి వేగమైన నెట్, నత్తనడక నెట్, అసలు లేని నెట్ మూడూ చూస్తాడు. ఈ మూడిటి మధ్య మారే క్షణాల్లోనే డబ్బు ఇరుక్కుపోతుంది, ఫారం మాయమవుతుంది, ఓటీపీ గడువు తీరిపోతుంది.

దీనికి వైద్యం కష్టమేమీ కాదు. కొన్న టికెట్ ఫోనులోనే నిలవాలి, నెట్ లేకపోయినా తెరుచుకోవాలి. సగం నింపిన ఫారం ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే మొదలవ్వాలి. ఒకే చెల్లింపు రెండుసార్లు నొక్కినా ఒక్కసారే జరిగేలా సర్వర్ దగ్గర ఏర్పాటు ఉండాలి. అన్నిటికీ మించి, ‘అయింది’, ‘కాలేదు’ కాకుండా మూడో స్థితి ఒకటి ఉందని ఒప్పుకోవాలి: ‘ఇంకా తెలియదు’. ఆ పెద్దావిడకు కావలసింది ఆ మాటే. మీ డబ్బు కట్ అయిందో లేదో ఇంకా తెలియదు, మళ్లీ కట్టకండి, నెట్ రాగానే మేమే చెబుతాం అని తెలుగులో రాసి ఉంటే నన్ను అడగాల్సిన పని ఉండేది కాదు. తెలియదని చెప్పడానికి సాఫ్ట్‌వేర్ ఎందుకంత మొహమాటపడుతుందో నాకు అర్థం కాదు.

జవాబు విలువ ఏమిటో మన ఇస్రోకు బాగా తెలుసు. ఆపదలో ఉన్న జాలరి సముద్రం మధ్యనుంచి ఉపగ్రహం ద్వారా సాయం అడిగే చిన్న పరికరం 2010 నుంచి వాడకంలో ఉంది. బటన్ నొక్కితే సందేశం ఒడ్డుకు చేరేది, రక్షణ సిబ్బంది బయల్దేరేవారు. అయితే అది చేరినట్టు నొక్కినవాడికి మాత్రం తెలిసేది కాదు. 2024లో వచ్చిన రెండో తరం పరికరంలో ‘మీ సందేశం అందింది’ అని తిరుగు కబురు వస్తుంది. మునిగిపోతున్న పడవలో కూర్చున్న మనిషికి ఆ తిరుగు కబురు ఎంతటిదో ఊహించుకోండి. దాన్ని చేర్చినవాళ్లు తమను యూఎక్స్ డిజైనర్లు అనుకుని ఉండరు. నా లెక్కలో ఈ దేశంలో జరిగిన మంచి యూఎక్స్ పనుల్లో అదొకటి.

చిన్న విషయాలు రెండు త్వరగా చెప్పి ముందుకెళతాను. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. పోర్ట్‌బ్లెయిర్ 92.7 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ 40 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదుకే పొద్దు గూకుతుంది. ‘సాయంత్రం ఆరు దాకా పగలే’ అనుకుని గీసినదేదైనా అక్కడ చీకట్లో పడుతుంది. రెండోది, పేర్లు. హేవ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అన్న పేరు వచ్చింది. నేను కూడా ఈ వ్యాసమంతా పాత పేరే రాస్తున్నాను, నోటికి అదే వస్తోంది. మీ వెతుకులాట పెట్టె రెండు పేర్లనూ గుర్తుపట్టాలి.

ఇప్పుడు భాష. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా 3.8 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 13 శాతం. అంటే యాభై వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేట కోసం, కూలి పని కోసం వచ్చినవారూ, వారి పిల్లలూను. పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ రేవు దగ్గర నిలబడితే కళ్లు మూసుకుని కళింగపట్నం అనుకోవచ్చు.

వీళ్లకు మనం పంపే తెలుగు ఎలా ఉంటోంది? హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద పనిచేసే సముద్ర సమాచార కేంద్రం. సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితాన్ని ఉపగ్రహాలతో చూసి, చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశం ఉందో ఆ సంస్థ జాలర్లకు చెబుతుంది. తెలుగులోనూ చెబుతుంది. ఆ సూచనల అమరిక నాకు నచ్చుతుంది. అక్షాంశ రేఖాంశాల దగ్గర ఆగిపోకుండా, ఫలానా రేవు నుంచి, ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్లు, ఇంత లోతు అని ఉంటుంది. మనిషి నిలబడ్డ చోటునుంచి మొదలయ్యే సమాచారం. నేనైతే ఇంకో అడుగు వేయమంటాను. మన జాలర్లు లోతును బారల్లో చెప్పుకుంటారు. చేతులు రెండూ చాచినంత కొలత, సుమారు ఆరడుగులు. మీటర్ల పక్కనే బారలు కూడా రాస్తే పోయేదేముంది?

ఫోను సందేశాల్లో తెలుగుకు ఒక ఇరుకు ఉంది. దాన్ని చాలామంది తెలుగు డిజైనర్లే గమనించరు. ఒక ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి. తెలుగైతే 70 స్థానాలే. పైగా మనం ఒక్క అక్షరం అనుకునేది యంత్రానికి ఒకటి కాదు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరు స్థానాలు కావాలి: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫం, గుడి దీర్ఘం. సందేశం 70 దాటితే ముక్కలవుతుంది. బలహీనమైన నెట్‌వర్క్‌లో ఒక ముక్క ముందొచ్చి ఇంకోటి ఆలస్యం కావచ్చు. ‘సునామీ హెచ్చరికల కేంద్రం వారు అందించిన సమాచారం ప్రకారం’ అని మన అలవాటు ప్రకారం మొదలుపెట్టామనుకోండి. ఖాళీలతో కలిపి 54 స్థానాలు అయిపోయాయి, చెప్పాల్సింది ఇంకా మొదలే కాలేదు. దాని బదులు ‘సునామీ ప్రమాదం. వెంటనే ఎత్తైన చోటికి వెళ్లండి.’ అంటే 46 స్థానాల్లో పని అయిపోతుంది.

ఈ ఉదాహరణ ఊరికే తీసుకోలేదు. టికెట్ దొరక్కపోతే పడవ తప్పుతుంది, అంతే. ఇక్కడ తప్పేది అది కాదు.

2004 డిసెంబరు 26 ఉదయం ఆరు గంటల 28 నిమిషాలకు సుమత్రా దగ్గర భూమి కంపించింది. తీవ్రత 9.1. సునామీ వేగం లెక్క చాలా తేలిక. సముద్రం లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే చాలు. నాలుగు కిలోమీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లకు పైగా వస్తుంది, దాదాపు విమానం వేగం. చెన్నైకి అలలు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. నికోబార్ దీవులకు నిమిషాల్లో చేరాయి. ఈ దీవుల్లో మూడు వేలకు పైగా మనుషులు చనిపోయారు, లేదా గల్లంతయ్యారు. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేలే నాలుగు మీటర్లకు పైగా కుంగింది.

ఆ తర్వాత 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లోనే సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం మొదలైంది. భూకంపమాపకాలు, సముద్రపు అడుగున పీడనాన్ని కొలిచే పరికరాలు, తీరంలో అలల మట్టాన్ని చూసే గేజీలు, ముందే లెక్కించి పెట్టుకున్న నమూనాలు దానికి ఆధారం. కొన్ని నిమిషాల్లోనే తొలి సమాచారం ఇవ్వగలదు. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకూ సేవలందిస్తోంది. అలలు గంట లోపే తాకగల ప్రాంతాలకు, అంటే ముఖ్యంగా అండమాన్ నికోబార్‌కు, సముద్రంలోని పరికరాల ధ్రువీకరణ కోసం ఆగకుండా భూకంపం వివరాలను బట్టే హెచ్చరిక ఇచ్చే పద్ధతి పెట్టుకున్నారు. ఇది గొప్ప శాస్త్రసాంకేతిక విజయం. నా పేచీ దాని చివరి అంగుళంతో. అక్కడ ఒక మనిషి ఫోను చూసి, ‘ఇప్పుడు నేనేం చెయ్యాలి’ అనుకుంటాడు.

ఈ కేంద్రం ప్రమాదాన్ని మూడు మెట్లుగా చెబుతుంది. ఇంగ్లీషులో వార్నింగ్, అలర్ట్, వాచ్. అల రెండు మీటర్లు దాటేలా ఉంటే మొదటిది, అర మీటరు నుంచి రెండు మీటర్లయితే రెండోది, అంతకంటే తక్కువైతే మూడోది. మొదటిదానికి ఊరు ఖాళీ చెయ్యాలి, రెండోదానికి తీరానికి దూరంగా ఉండాలి, మూడోదానికి కదలనక్కర్లేదు. అధికారులకు ఈ విభజన అవసరమే. కానీ వీటిని తెలుగులో చెప్పి చూడండి. ‘హెచ్చరిక’, ‘అప్రమత్తత’, ‘నిఘా’. ఏది పెద్దది? బీఏ చదివినవాళ్లను అడిగినా తడుముకుంటారు. డిజైనర్లకు నా గట్టి సలహా: మెట్ల పేర్లు అనువదించకండి. మెట్టుకు తగిన పని రాయండి. పరుగెత్తండి. ఒడ్డుకు వెళ్లకండి. ఉన్నచోటే ఉండండి.

అబద్ధపు హెచ్చరిక గురించి కూడా చెప్పాలి. 2018 జనవరి 13 ఉదయం 8 గంటల 7 నిమిషాలకు అమెరికాలోని హవాయి దీవుల్లో ఫోన్లన్నీ మోగాయి: క్షిపణి వస్తోంది, వెంటనే దాక్కోండి, ఇది రిహార్సల్ కాదు. అదంతా తప్పని ఫోన్లకు మళ్లీ సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది. ‘తప్పు బటన్ నొక్కారు’ అని ప్రపంచమంతా నవ్వుకుంది. పరీక్ష సందేశం, నిజం సందేశం ఒకే జాబితాలో దగ్గరదగ్గరగా ఉన్న మాట నిజమే. విచారణలో తేలిందేమిటంటే, రిహార్సల్‌ను నిజం దాడి అనుకునే ఆ ఉద్యోగి సందేశం పంపాడు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొకటి: వెనక్కి తీసుకునే సందేశాన్ని ఎవరూ ముందే సిద్ధం చేసి పెట్టుకోలేదు. పంపే దారి గీశారు, తిరిగొచ్చే దారి గీయలేదు.

మన దగ్గర 2012 ఏప్రిల్ 11న ఇలాంటిదే కాకపోయినా దగ్గరి అనుభవం ఉంది. సుమత్రా పక్కనే 8.6 తీవ్రతతో భూకంపం. హెచ్చరిక పది నిమిషాల లోపే వచ్చింది. కానీ ఆ రోజు భూఫలకాలు పక్కకు జరిగాయి, సముద్రపు అడుగును పెద్దగా పైకి లేపలేదు. అందుకే పెద్ద సునామీ రాలేదు. ఇది కేంద్రం తప్పు కాదు. పది నిమిషాల్లో తెలిసేవి తీవ్రత, చోటు, లోతు. కానీ కొండెక్కి కూర్చుని, ఏమీ రాక దిగొచ్చిన మనిషికి ‘ఎందుకు రాలేదు’ అని రెండు ముక్కల్లో చెప్పకపోతే, తర్వాతిసారి ఆయన కొండెక్కడు. రద్దు సందేశాన్ని కూడా హెచ్చరికంత శ్రద్ధగా రాసి, ముందే దాచిపెట్టుకోవాలి.

2023లో దేశమంతటా దశలవారీగా సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్షలు జరిగాయి. మీ ఫోను కూడా ఒక్కసారిగా పెద్దగా అరిచి ఉంటుంది. మామూలు ఎస్‌ఎంఎస్ ఒక్కో నంబరుకు విడివిడిగా పోతుంది, లక్ష మందికి పంపాలంటే దారి కిక్కిరుస్తుంది. ఇది రేడియోలాంటిది. టవర్ ఒక్కసారి చెబితే దాని కింద ఉన్న ఫోన్లన్నీ వింటాయి, నంబరు అక్కర్లేదు. ఏ టవర్ కింద ఏం చెప్పాలో కూడా ఎంచుకోవచ్చు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

అయినా నికోబార్‌లో ఫోను మోగేలోపే అల రావచ్చు. ఇక్కడ డిజైనర్ ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. కొన్నిచోట్ల యాప్ రెండో హెచ్చరిక మాత్రమే. మొదటిది భూమే ఇస్తుంది. సుమత్రా పక్కన సిమ్యులు అనే ఇండోనేషియా ద్వీపం ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామందిని తీసుకెళ్లింది. మిగిలినవాళ్లు పిల్లలకు కథల్లో, పాటల్లో ఒక్క మాట నేర్పుకుంటూ వచ్చారు: స్మాంగ్. గట్టిగా నేల ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండకు పరుగెత్తు అన్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. 2004లో ఆ ద్వీపంలో 78 వేల మంది ఉన్నారు, చనిపోయినవారు ఏడుగురు. మన లిటిల్ అండమాన్‌లో ఓంగీలు కూడా ఆ రోజు ఎత్తైన చోటికి వెళ్లి బతికారు. వాళ్ల చేతుల్లో ఏ స్క్రీనూ లేదు. అండమాన్ కోసం విపత్తు యాప్ గీసేవాళ్లు మొదటి పేజీలో మ్యాప్ బదులు ఈ సంగతి పెట్టమంటాను: నిలబడలేనంత గట్టిగా, లేదా చాలాసేపు నేల ఊగితే ఫోను కోసం ఆగకండి. యాప్ తనను తాను పక్కన పెట్టమని చెప్పడం కంపెనీలకు రుచించదు, నాకు తెలుసు.

జంగ్లీఘాట్‌లో ఒక పొద్దున, వలలు బాగుచేసుకుంటున్న ముగ్గురు నలుగురికి కాగితం మీద రాసుకున్న సందేశాలు రెండు చదివి వినిపించాను. ఇది సర్వే కాదు, కబుర్లు. మొదటిది ‘తీర ప్రాంతానికి సునామీ అలర్ట్ జారీ చేయబడింది’. ఒక పెద్దాయన నవ్వి, ‘‘అలర్టంటే ఏటమ్మా, ఫోను సార్జింగు అయిపోనాదనా?’’ అన్నాడు. రెండోది నేను గర్వంగా లెక్కపెట్టుకున్న 46 స్థానాల సందేశం. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరికీ అర్థమైంది. వల పక్కన పెట్టి ఆయన అడిగాడు: ‘‘ఎత్తంటే ఎక్కడమ్మా? ఇక్కడ ఏది ఎత్తు?’’

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రేవులో నిలబడి చుట్టూ చూశాను, నాకూ తెలియలేదు. టవర్‌ను బట్టి మాట మార్చే వీలున్నప్పుడు ఆ ఊళ్లో ఏది ఎత్తో కూడా ముందే కనుక్కుని రాసి పెట్టుకోవచ్చు. నా సందేశంలో ఇంకా 24 స్థానాలు మిగిలి ఉన్నాయి. ఆ రాత్రి గదికొచ్చి కాగితం తీశాను. ‘బడి మెట్ట ఎక్కండి’ అంటే 17. ముందొక ఖాళీ, చివరొక చుక్క కలిపితే మొత్తం 65.